ఎలుకలతో ప్రయోగం చేయాలంటే: యానిమల్ హౌస్ గడప నుంచి ఫారం డి చివరి వరుస దాకా

ఏటా సంక్రాంతి సెలవులు అయిపోగానే, ప్రయోగాల జంతువులను ఉంచే మా యానిమల్ హౌస్‌కి ఎం.ఫార్మసీ పిల్లల రాక మొదలవుతుంది. చేతిలో సినాప్సిస్, మొహంలో తొందర. "మేడమ్, వచ్చే వారానికి 36 ఎలుకలు కావాలి" అంటారు. సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా అని అడిగితే, "ఫారం పెడుతున్నాం మేడమ్, ఈలోపు మొదలుపెట్టేస్తాం" అంటారు. ఆ "ఈలోపు" దగ్గరే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాల్సి వస్తుంది. అలా కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఉదాహరణకి మన కాలేజీల్లో తరచూ కనిపించే ప్రాజెక్టునే తీసుకుందాం. నేరేడు గింజల సారం ఎలుకల్లో చక్కెర వ్యాధిని తగ్గిస్తుందా? స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి డయాబెటిస్ తెప్పించడం, ఆ తర్వాత కొన్ని వారాలు సారం తాగించి రక్తంలో గ్లూకోజ్ చూడడం. మీ అంశం వేరైనా దారి ఇదే.

ముందు ఎలుక అవసరమో కాదో తేల్చుకోండి

ఇది ఎథిక్స్ పాఠంలో చదివి వదిలేసే ప్రశ్న కాదు. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం నాలుగో అధ్యాయం మొత్తం ప్రయోగాల గురించే. అందులో 17వ సెక్షన్ ఒక్కసారి చదవండి, రెండు పేజీలు కూడా ఉండదు. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగే చోట జంతువును వాడొద్దని అందులో ఉంది. గినీపిగ్, కుందేలు, కప్ప, ఎలుకలతో ఫలితం వచ్చే చోట పెద్ద జంతువుల జోలికి పోవద్దని ఉంది. కేవలం చేయి తిరగడం కోసం ప్రయోగం చేయొద్దని కూడా ఉంది. అంటే "కుట్లు వేయడం నేర్చుకుంటాను, ఒక ఎలుకనివ్వండి" అన్న మాటకు చట్టంలోనే చోటు లేదు.

మన నేరేడు ప్రాజెక్టులో ముందు చేయాల్సింది ట్యూబుల్లోనే ఉంది. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఆల్ఫా-అమైలేజ్, ఆల్ఫా-గ్లూకోసిడేజ్ ఎంజైములను సారం ఆపుతోందా లేదా అన్నది ఎలుక లేకుండానే తెలుస్తుంది. ఇన్సులిన్ స్రవించే కణాల మీద పరీక్ష చేయగలిగితే ఇంకా మంచిది. అక్కడ ఏ ప్రభావమూ కనిపించని సారాన్ని 30 ఎలుకలకు నెలరోజులు తాగించడం ఎందుకని కమిటీ అడుగుతుంది. అడగాలి కూడా.

అంతకన్నా కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది. నేరేడు గింజల మీద ఇప్పటికే ఎంత పని జరిగింది? బోలెడంత. అదే సారం, జబ్బు తెప్పించే అదే పద్ధతి, అదే మోతాదు మళ్లీ చేస్తున్నారంటే ఆ ఎలుకలు ఏ కొత్త సంగతీ చెప్పకుండా పోతాయి. ఒక భాగాన్ని విడదీసి చూస్తున్నారా, చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్‌తో కలిపితే ఏమవుతుందో చూస్తున్నారా? ప్రశ్న మార్చుకోండి. గైడ్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాలు, అంటే బదులు పద్ధతి వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం, ఇప్పటికీ ప్రతి కమిటీ వాడే కొలబద్ద. మన దేశంలో సౌందర్య సాధనాల కోసం జంతు పరీక్షలు 2014 నుంచి నిషేధం. కొత్త మందుల విషయంలో జంతువులు లేని పద్ధతుల ఫలితాలనూ చూపించవచ్చంటూ 2023 మార్చిలో నియమాలు సవరించారు. కాబట్టి "ఎలుక లేకపోతే పేపర్ పడదు" అన్న మాట పాతబడుతోంది.

మీ కాలేజీకి అనుమతి ఉందో లేదో చూడండి

జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీని ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. పాత కాగితాల్లో సీపీసీఎస్‌ఈఏ అని కనబడేది ఇదే. కేంద్ర మత్స్య, పశుసంవర్ధక, పాడి శాఖ కింద పనిచేస్తుంది. 1998లో వచ్చిన నియమాల ప్రకారం జంతువులను పెంచే ప్రతి సంస్థా, ప్రయోగం చేసే ప్రతి సంస్థా ఇక్కడ నమోదై ఉండాలి. మీ యానిమల్ హౌస్ గోడమీద ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. దగ్గరికెళ్లి చదవండి. నంబర్ రాసుకోండి. గడువు తేదీ చూడండి. ఏయే జంతువులకు అనుమతి ఉందో చూడండి. కుందేళ్లకూ ఎలుకలకూ మాత్రమే అనుమతి ఉన్న చోట గినీపిగ్‌తో ప్రాజెక్టు రాసి ఇబ్బందిపడ్డవాళ్లు ఉన్నారు.

మీ కాలేజీకి రిజిస్ట్రేషన్ లేకపోతే, ఉన్న సంస్థతో కలిసి చేయాలి. అప్పుడు ప్రయోగం అక్కడే, అనుమతి అక్కడి కమిటీదే. ఇంకో కాలేజీ కమిటీ ఇచ్చిన నంబరు పెట్టుకుని మీ గదిలో ఎలుకలు ఉంచడం కుదరదు.

నియమం తప్పితే 1960 చట్టంలోని 20వ సెక్షన్ కింద జరిమానా 200 రూపాయల వరకే. దాన్ని చూసి తేలిగ్గా తీసుకోకండి. కేంద్ర కమిటీ ప్రయోగాలను ఆపించగలదు. జర్నల్ వాళ్లు అనుమతి నంబర్ అడుగుతారు. ప్రయోగం అయ్యాక ఆ నంబర్ తెచ్చుకోవడానికి దారి లేదు.

సినాప్సిస్ కంటే ముందు యానిమల్ హౌస్ వాళ్లను కలవండి

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. నా మనసుకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. యానిమల్ హౌస్ అంటే కేజీలు (బోన్లు) పెట్టిన గది అనుకుంటారు. అక్కడ ఒక పశువైద్యుడు ఉంటారు. రోజూ మేత, నీళ్లు, పరుపు చూసే అటెండర్లు ఉంటారు. జబ్బుల పరీక్షలు, మందుల స్టాకు, రిజిస్టర్లు, చచ్చిన జంతువులను పంపే ఏర్పాటు, ఇదంతా మీకోసం సిద్ధంగా ఉన్న సేవ. మీ ప్రాజెక్టులో ఏది సాధ్యమో ఏది కాదో అరగంటలో చెప్పగలిగేది వీళ్లే.

పశువైద్యుడి దగ్గరికి ఈ ప్రశ్నలతో వెళ్లండి. నేను రాసుకున్న మోతాదు ఈ వయసు ఎలుకకు తట్టుకునేదేనా? నొప్పి తగ్గించడానికి ఏం ఇవ్వవచ్చు, అది నా ఫలితాన్ని చెడగొడుతుందా? ఎన్ని రక్తం నమూనాలు తీయవచ్చు? మత్తుకు ఏం వాడాలి, అది స్టాకులో ఉందా? ఈ చివరిది చిన్న ప్రశ్న కాదు. మన ల్యాబుల్లో మామూలుగా వాడే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది; మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనూ ఉంది. మెడికల్ షాపుకి వెళ్లి కొనుక్కొచ్చేది కాదు. తెప్పించడానికి కాగితాలు, తాళం వేసిన బీరువా, వాడిన ప్రతి మిల్లీలీటరుకూ లెక్క కావాలి.

అటెండర్‌ని కూడా అడగండి. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన ఎలుక విపరీతంగా నీళ్లు తాగి, విపరీతంగా మూత్రం పోస్తుంది. పరుపుగా వేసి వారానికి రెండుసార్లు మార్చే వరిపొట్టును ఆ కేజీల్లో రోజూ మార్చాలి. తడి పొట్టులో అమ్మోనియా పెరిగితే ఎలుకల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 25 ఎలుకలకు నెలరోజులు ఆ పని ఎవరు చేస్తారు, ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసిన పొట్టు ఎంత నిల్వ ఉంది, ఆదివారాలు ఎవరొస్తారు? ఇవన్నీ తేలాకే మీ తేదీలు రాసుకోండి. మా దగ్గర పనిచేసే ఒక అన్న కేజీ దగ్గరికి రాగానే "ఈ మూలది నిన్నటి నుంచి డల్‌గా ఉంది మేడమ్" అంటాడు. బరువు తూచి చూస్తే నిజమే అవుతుంది. అలాంటి కళ్లు మీ ప్రయోగానికి కావాలి.

ఏ ఎలుక, ఎన్ని ఎలుకలు

తెలుగులో అన్నిటినీ ఎలుకలే అంటాం. ఫారంలో మాత్రం ర్యాట్, మౌస్ వేర్వేరు జాతులు. 250 గ్రాముల విస్టార్ వంశపు తెల్ల ఎలుకకూ 25 గ్రాముల చిట్టెలుకకూ మోతాదు, సూది, కేజీ అన్నీ మారిపోతాయి. వంశం పేరు కూడా పూర్తిగా రాయాలి. సి57బిఎల్/6 చిట్టెలుకల్లో "జె", "ఎన్" అని రెండు ఉపవంశాలున్నాయి. "జె"లో ఎన్‌ఎన్‌టీ అనే జన్యువు చెడిపోయి ఉండడం వల్ల గ్లూకోజ్ పనుల్లో తేడా వస్తుంది. డయాబెటిస్ చదివేవాళ్లు ఆ ఒక్క అక్షరం వదిలేస్తే ఫలితం అర్థం కాదు. ఊబకాయం మీద పనిచేసేవాళ్లు మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో, విస్టార్ కాలనీలోనే పుట్టిన డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబీ లావు ఎలుకల గురించి తప్పక చదవాలి.

మగవా, ఆడవా? స్ట్రెప్టోజోటోసిన్‌కు ఆడ ఎలుకలు అంతగా లొంగవు, అందుకే మగవాటిని వాడతారు. ఆ కారణాన్ని ఫారంలో రాయండి. "అందరూ మగవే వాడుతున్నారు" అన్నది కారణం కాదు.

ఇక సంఖ్య. ఒక్కో గుంపుకి 6 అన్నది ఆనవాయితీగా వచ్చేసింది. ఎందుకు 6 అంటే జవాబు ఉండదు. గుంపుల మధ్య తేడా ఎంత, ఒకే గుంపులో రీడింగుల చెదురు ఎంత ఉంటాయో పాత పనుల నుంచి తెలిస్తే పవర్ లెక్క వేయండి, అంటే ఆ తేడా నమ్మకంగా బయటపడడానికి ఎన్ని ఎలుకలు కావాలో చెప్పే లెక్క; జీ-పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అయిపోతుంది. ఆ వివరాలు దొరకని చోట ఒక చిన్న సూత్రం ఉంది: మొత్తం ఎలుకల్లోంచి గుంపుల సంఖ్య తీసేస్తే 10కీ 20కీ మధ్య రావాలి. మొదట చెప్పిన 36 చూడండి. మామూలువి, డయాబెటిస్ మాత్రమే ఉన్నవి, పోలిక కోసం గ్లిబెన్‌క్లమైడ్ అనే చక్కెర మందు ఇచ్చినవి, సారం మూడు మోతాదులు, మొత్తం 6 గుంపులు, గుంపుకి 6. 36లోంచి 6 తీస్తే 30. ఎక్కువ. ఒక మోతాదు తగ్గించి 5 గుంపులు, గుంపుకి 5 పెడితే 25లోంచి 5 పోగా 20. సరిపోయింది. 11 ఎలుకలు మిగిలాయి.

స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చాక కొన్ని చనిపోవచ్చు, కొన్నిటికి డయాబెటిస్ రాకపోవచ్చు. అందుకు కావలసిన అదనపు ఎలుకలను ముందే అడగండి, కారణం రాసి. మన ఉదాహరణలో 5 అడిగామనుకుందాం, మొత్తం 30. మధ్యలో "ఇంకో నాలుగు కావాలి" అంటే మళ్లీ కమిటీ ముందుకే వెళ్లాలి.

ఫారం బి నింపడం

అనుమతి కోసం పెట్టే ఈ దరఖాస్తు ఫారమే కమిటీ చేతిలో ఉండే మీ ప్రయోగం. జంతువు ఎందుకు, ఈ జాతే ఎందుకు, ఇంతే సంఖ్య ఎందుకు, ఇలాంటిది ముందు జరిగిందా, జరిగితే మళ్లీ ఎందుకు అని వరుసగా అడుగుతుంది. వేరేవాళ్ల పాత ఫారంలోంచి ఎత్తి రాసిన జవాబులు కమిటీ సభ్యులకు ఇట్టే తెలిసిపోతాయి. ఎలుకల ప్రాజెక్టులో కుందేలు అనే మాట మిగిలిపోయి దొరికిపోయిన ఫారాలు నేనే చూశాను.

పద్ధతి రాసేటప్పుడు రోజువారీగా రాయండి: సున్నా రోజు ఇంజెక్షన్, మూడో రోజు తోక కొన నుంచి చుక్క రక్తంతో గ్లూకోమీటర్ రీడింగ్, ఏడో రోజు బరువు, ఇలా. ఇచ్చే ద్రవం ఎంత, ఏ దారిన, ఏ గేజ్ సూదితో, అన్నీ. నోటి ద్వారా నీటి మందు ఇస్తే మామూలు హద్దు 100 గ్రాముల బరువుకి 1 మిల్లీలీటరు. రక్తం లెక్క ఇలా వేయండి. ఎలుక ఒంట్లో కిలోకి దాదాపు 64 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 250 గ్రాముల ఎలుకలో 16. ఒక్కసారికి అందులో పదోవంతు దాటకూడదు, అంటే 1.6 మిల్లీలీటర్లు. మీ బయోకెమిస్ట్రీ కిట్లన్నిటికీ అది చాలుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఎక్కువమంది ఖాళీ వదిలేసేది ప్రయోగాన్ని ఎప్పుడు ఆపుతారన్న భాగం. బరువు 20 శాతం తగ్గితే, మేత ముట్టకపోతే, ముట్టుకున్నా కదలకపోతే ఆ ఎలుకను బాధ లేకుండా ముగిస్తాం అని స్పష్టంగా రాయాలి. దానంతట అదే చనిపోయేదాకా ఎదురుచూడడం ప్రయోగంలో భాగం కాకూడదు. విష మోతాదు పరీక్షల్లో కూడా డజన్లకొద్దీ ఎలుకలను చంపే పాత 401 నంబరు పద్ధతిని, పరీక్షా పద్ధతుల మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2002లో తొలగించింది. ఇప్పుడు వాడే 423లో ఒక్కో మెట్టుకి 3 ఎలుకలు చాలు.

ఎలుకలు, చిట్టెలుకలు, హ్యామ్‌స్టర్లు, గినీపిగ్‌లు, కుందేళ్లయితే సంస్థలోని కమిటీ అనుమతి చాలు. కుక్కలు, కోతుల వంటి పెద్ద జంతువులకు ఢిల్లీలోని కేంద్ర కమిటీ దాకా పోవాలి. జన్యుమార్పిడి చిట్టెలుకలయితే బయోసేఫ్టీ కమిటీ అనుమతి వేరుగా కావాలి.

కమిటీలో వివిధ రంగాల శాస్త్రవేత్తలు, పశువైద్యుడు, యానిమల్ హౌస్ బాధ్యుడు, బయటి శాస్త్రవేత్త, శాస్త్రరంగం కాని ఒక సామాజిక సభ్యుడు, కేంద్రం పంపే ప్రతినిధి, అందరూ కలిసి 8 మంది. కేంద్ర ప్రతినిధి లేకుండా మీటింగ్ జరగదు. అందుకే తేదీలు మీ చేతిలో ఉండవు. సెమిస్టర్ మొదట్లోనే వచ్చే మీటింగ్ ఎప్పుడో కనుక్కోండి. మీటింగ్‌లో సామాజిక సభ్యుడు "ఆ ఎలుకకు నొప్పి పుడుతుందా అమ్మా?" అని అడిగితే కంగారుపడకండి. పుడుతుందని నిజం చెప్పి, దాన్ని ఎలా తగ్గిస్తారో చెప్పండి.

తెచ్చుకోవడం, అలవాటు పడనివ్వడం

రిజిస్టర్ అయిన పెంపకందారు దగ్గరే కొనాలి. బిల్లు మీద వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్, వంశం, లింగం, వయసు, సంఖ్య ఉండాలి. తెలంగాణలో ఉన్నవాళ్లకు అదృష్టం ఏమిటంటే జీనోమ్ వ్యాలీ దగ్గరే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. తార్నాకలోని పోషకాహార సంస్థ ఏళ్ల తరబడి దేశమంతటికీ ల్యాబ్ జంతువులను, మేతను అందించి, సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చింది. ఆరోగ్య నివేదిక అడిగి తీసుకోండి.

వేసవిలో తెప్పించేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎలుకకు మనలా చెమట పట్టదు. తోక ద్వారా వేడి వదులుతుంది, ఉమ్మితో బొచ్చు తడుపుకుంటుంది, అంతే. మే నెల మధ్యాహ్నం మూసిన బండిలో విజయవాడ దాకా పంపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రాత్రి ప్రయాణం పెట్టండి, తడి కోసం పెట్టెలో కీరా ముక్కలు వేయమనండి.

వచ్చాక కనీసం వారం క్వారంటైన్. కొత్త వాసన, కొత్త శబ్దాలు, కొత్త మనుషులు. మొదటి రోజే సూది గుచ్చితే మీరు కొలిచేది భయాన్నే. భయపడిన ఎలుకలో గ్లూకోజ్ కూడా పెరుగుతుంది, మన ప్రాజెక్టు అంతా దాని మీదే. ఈ వారంలో రోజూ వెళ్లి చేతిలోకి తీసుకోండి. ఎలుకను భుజాల చుట్టూ అరచేత్తో పట్టుకోవాలి, తోక పట్టి వేలాడదీయొద్దు. చిట్టెలుకను గొట్టంలోకి ఎక్కించి గానీ, రెండు అరచేతుల దోసిట్లో గానీ ఎత్తాలి.

గది

మన దేశపు మార్గదర్శకాల ప్రకారం ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీలు, తేమ 30 నుంచి 70 శాతం, గంటకి 12 నుంచి 15 సార్లు గాలి మారాలి, 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి. 200 నుంచి 300 గ్రాముల ఎలుక ఒక్కోదానికి కేజీలో 187 చదరపు సెంటీమీటర్ల నేల ఉండాలి. ఒంటరిగా ఉంచాల్సి వస్తే కారణం రాయాలి, ఎలుక గుంపులో బతికే ప్రాణి.

నేను ముందు పనిచేసిన ఒక చోట మే నెల రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. తెల్లారేసరికి 11 ఎలుకలు పోయాయి. రెండు నెలల పని పోయిందని ఆ అమ్మాయి ఏడ్చింది. నాకైతే ఆ కేజీల్లో అవి నోరు తెరిచి పడివున్న తీరే ఇప్పటికీ కళ్లముందు ఉంది. అప్పటి నుంచి ప్రతి గదిలో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రత రెండూ చూపే థర్మామీటర్, తలుపు మీద ముగ్గురి ఫోన్ నంబర్లు, నెలకోసారి జనరేటర్ పరీక్ష పెట్టించాను. మీ యానిమల్ హౌస్‌లో ఈ మూడూ ఉన్నాయా? లేకపోతే మీ గైడ్ చేత అడిగించండి.

పని మొదలయ్యాక

గవేజ్ అంటే నోట్లోంచి సూదిగొట్టం దించి మందును నేరుగా కడుపులోకి ఇవ్వడం. దాన్ని ముందు నీళ్లతో, అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి, రబ్బరు నమూనా మీద నేర్చుకోండి. సూది పొడవును నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలవండి. అడ్డం తగిలితే నెట్టొద్దు. ఎలుక వాంతి చేసుకోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయిన మందును తీయలేం.

స్ట్రెప్టోజోటోసిన్‌ను చల్లటి సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 4.5 దగ్గర, ఇచ్చే నిమిషానికి ముందు కలపాలి. అది మీకూ ప్రమాదమే, గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. ఇచ్చిన మొదటి రోజు క్లోమంలోంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి గ్లూకోజ్ పడిపోతుంది. అందుకే ఆ రాత్రికి నీళ్లలో గ్లూకోజ్ కలిపి పెడతాం. ఈ ఒక్క పని మరిచిపోయి సగం గుంపును పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

గుర్తులకు మన దగ్గర పిక్రిక్ ఆమ్లపు పసుపు వాడతారు: తల, వీపు, తోక. అది ఎండితే పేలే పదార్థం, సీసాలో ఎప్పుడూ తడిగా ఉండాలి. ఏ ఎలుక ఏ గుంపుకో చీటీలు వేసి తేల్చండి, చేతికి సులువుగా దొరికినవన్నీ మొదటి గుంపులో వేస్తే అవి మందకొడివే అవుతాయి. వీలైతే రీడింగ్ తీసేవాళ్లకు గుంపు తెలియనివ్వొద్దు. జంతు ప్రయోగాల పేపర్లో ఏమేం రాయాలో చెప్పే, 2020లో వచ్చిన అరైవ్ 2.0 జాబితా ఇవన్నీ అడుగుతుంది, కాబట్టి పేపర్ రాసేటప్పుడు కాదు, ఇప్పుడే దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించండి.

రోజూ మొహం చూడండి. నొప్పిలో ఉన్న ఎలుక కళ్లు సగం మూస్తుంది, చెవులు ముడుచుకుంటాయి, వీపు వంగుతుంది, బొచ్చు నిక్కబొడుచుకుంటుంది. ఆపాల్సిన గీత దాటితే ఆరోజే పశువైద్యుడికి ఫోన్ చేయండి. "ఇంకో రెండు రోజులాగితే డేటా పాయింట్ దొరుకుతుంది" అన్న ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. అప్పుడు ఫారం బిలో మీరే రాసిన వాక్యం చదువుకోండి.

ముగింపు రోజు

మిగతా ఎలుకలకు కనబడని, వినబడని వేరే గదిలో చేయండి. ఎలుకలకు మనకు వినిపించని అతిధ్వనులు వినిపిస్తాయి, భయం ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. బార్బిట్యురేట్ అధిక మోతాదు గానీ, కార్బన్ డయాక్సైడ్ గానీ వాడతారు. గ్యాస్ అయితే నిమిషానికి పెట్టె పరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున నెమ్మదిగా నింపాలి, ముందే నింపిన పెట్టెలో వేయకూడదు. గుండె ఆగిందని రెండో పద్ధతితో కూడా నిర్ధారించుకున్నాకే కోత మొదలుపెట్టండి.

కళేబరాలు పసుపు సంచిలో, సూదులేమో చిల్లు పడని తెల్ల డబ్బాలో. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అధీకృత కేంద్రానికే వెళ్లాలి, కాలేజీ వెనక గొయ్యి తీసి పూడ్చడం కాదు. రసీదు తీసుకోండి.

ఆ సాయంత్రమే, చేతులు కడుక్కోగానే, ప్రయోగాల లెక్క రాసే ఫారం డి రిజిస్టర్ తెరవండి. వచ్చినవి 30. పూర్తి చేసినవి 25. డయాబెటిస్ రాక వదిలేసినవి 2, గీత దాటి ముందే ముగించినవి 2, కారణం తెలియక చనిపోయి పోస్ట్‌మార్టంకి పంపినది 1. కూడితే 30 రావాలి. వచ్చాక తేదీ వేసి సంతకం చేసి, రిజిస్టర్ పశువైద్యుడికి అప్పగించండి.